టెక్స్ట్ ఫైల్‌ను టేబుల్‌లోకి ఎక్కించేటప్పుడు డేటా టైపులు కుదరకపోతే ఏం చేయాలి?

కామాలతో వేరుచేసిన టెక్స్ట్ ఫైల్‌ను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని టేబుల్‌లోకి ఎక్కిస్తుంటే పూర్ణసంఖ్యల కాలమ్‌లోనూ తేదీల కాలమ్‌లోనూ టైపు ఎర్రర్ వచ్చి లోడ్ మొత్తం ఆగిపోతోందని, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. ఇలాంటి ఫైళ్లను డేటాబేస్‌లోకి ఎక్కించడం చాలా ఏళ్లుగా నా పనిలో భాగం. నా సలహా ఏమిటంటే, అసలు టేబుల్‌లో టైపులను వదులుకోకండి; టెక్స్ట్‌గా ఉండవలసింది దానికి ముందు పెట్టుకునే స్టేజింగ్ టేబుల్, అంటే డేటాను సరిచూసేవరకు తాత్కాలికంగా ఉంచే టేబుల్.

స్టేజింగ్ టేబుల్‌లో అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్ టైపులో పెట్టి, వరుస సంఖ్య తనంతట తానే పడేలా ఒక ఐడెంటిటీ కాలమ్‌ను చేర్చి, కాపీ కమాండ్‌తో ఫైల్‌ను ఉన్నదున్నట్టుగా అందులోకి ఎక్కించండి. కాపీ కమాండ్ మొదటి తప్పు వరుస దగ్గరే ఆగిపోతుంది కనుక, నేరుగా అసలు టేబుల్‌లోకి ఎక్కిస్తే ఒకటి సరిచేసిన తర్వాతే రెండోది బయటపడుతుంది. స్టేజింగ్‌లో అయితే ఒక్క క్వెరీతో చెడ్డ విలువలన్నీ కంటికి కనిపిస్తాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 16 నుంచి ఒక విలువ ఫలానా టైపుకు పనికొస్తుందో లేదో ఎర్రర్ లేకుండా చెప్పే పీజీ ఇన్‌పుట్ ఈజ్ వాలిడ్ ఫంక్షన్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మరో డేటాబేస్‌లో 2012 వెర్షన్ నుంచి ఉన్న ట్రై కన్వర్ట్ ఫంక్షన్, మార్చలేని విలువకు నల్ (విలువ లేదనే గుర్తు) ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పాత వెర్షన్లలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాతో, వెతకవచ్చు.

పూర్ణసంఖ్యల కాలమ్‌లో నాకు ఎక్కువగా ఎదురైనవి ఖాళీ విలువలు. సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన) పద్ధతిలో కాపీ కమాండ్ కోట్స్ లేని ఖాళీని నల్‌గా తీసుకుంటుంది గానీ, రెండు కోట్స్ మధ్య ఏమీ లేకపోతే దానిని ఖాళీ స్ట్రింగ్‌గా భావిస్తుంది, అది పూర్ణసంఖ్యగా మారదు. కాపీ కమాండ్‌లోని ఫోర్స్ నల్ ఆప్షన్ గానీ, స్టేజింగ్ నుంచి మార్చేటప్పుడు ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా మార్చే నల్ఇఫ్ ఫంక్షన్ గానీ దీనిని సరిచేస్తాయి. అంకెల మధ్య కామాలు, స్పేస్‌లను తీసేసే మామూలు ట్రిమ్ ఫంక్షన్‌కు లొంగని నాన్ బ్రేకింగ్ స్పేస్ (మామూలు స్పేస్‌లాగే కనిపించే వేరే అక్షరం), ఫైల్ మొదట్లో కంటికి కనిపించని బైట్ ఆర్డర్ మార్క్ అనే గుర్తు కూడా ఇదే ఎర్రర్ తెస్తాయి.

తేదీల విషయంలో ఎర్రర్ రావడం నిజానికి మేలు. 25/04/2021 అన్న విలువ, నెల ముందుండే క్రమంలో చదివితే ఎర్రర్ ఇస్తుంది. 03/04/2021 మాత్రం మార్చి నాలుగుగానో ఏప్రిల్ మూడుగానో నిశ్శబ్దంగా లోపలికి వెళ్లిపోతుంది. అది ఏదవుతుందో డేట్‌స్టైల్ సెట్టింగ్ నిర్ణయిస్తుంది. మాకు నెలనెలా ఒక సంస్థ పంపే ఫైల్‌లో రెండు క్రమాలూ కలిసి ఉండేవి, ఎందుకంటే వాళ్లు రెండు వేర్వేరు సిస్టమ్‌ల నుంచి తీసిన వరుసలను ఒక్కటిగా చేర్చి పంపేవారు. అందుకే మొదటి భాగం 12 దాటిన వరుసలు ఎన్ని, రెండో భాగం 12 దాటినవి ఎన్ని అని ముందుగా లెక్కిస్తాను. రెండూ ఉంటే ఏ ఫార్మాట్ స్ట్రింగూ ఆ ఫైల్‌ను రక్షించలేదు, పంపినవారినే అడగాలి. ఒకే క్రమం ఉందని తేలాక టెక్స్ట్‌ను తేదీగా మార్చే టు డేట్ ఫంక్షన్‌కు ఆ ఫార్మాట్‌ను స్పష్టంగా ఇవ్వండి; సెట్టింగ్ మీద ఆధారపడకండి.

ఫైల్ మీ దగ్గరకు రాకముందే ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటే నష్టం అప్పటికే జరిగిపోయి ఉండవచ్చు. సంఖ్యగా భావించిన విలువలో ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెల తర్వాతివి సున్నాలవుతాయి. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తున్నందున, వాటికి పేర్లు పెట్టే కమిటీ కొన్ని పేర్లనే మార్చి 2020లో కొత్త మార్గదర్శకాలను ప్రకటించవలసి వచ్చింది. పోయిన అంకెలను డేటాబేస్ తిరిగి తేలేదు, అసలు ఫైల్‌నే మళ్లీ తెప్పించుకోవాలి.

ఎర్రర్‌ను దాటవేసే ఆప్షన్లను చూసి తొందరపడవద్దు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17లో కాపీ కమాండ్‌కు ఆన్ ఎర్రర్ ఇగ్నోర్ వచ్చింది. అది మారని వరుసలను వదిలేస్తుంది, కానీ ఆ వరుసలను మీ కోసం ఎక్కడా దాచిపెట్టదు. మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటాకు లోకల్ చేర్చితే సంఖ్య కాని విలువ సున్నాగా మారి, వార్నింగ్ మాత్రమే మిగులుతుంది. ఎస్‌క్యూలైట్ ఇంకో రకం: 3.37 వెర్షన్‌తో వచ్చిన స్ట్రిక్ట్ టేబుల్ కాకపోతే, పూర్ణసంఖ్యల కాలమ్‌లో కూడా టెక్స్ట్‌ను అలాగే ఉంచేస్తుంది. సున్నాగా మారిన విలువకూ నిజమైన సున్నాకూ తేడా తర్వాత ఎవరూ చెప్పలేరు, అందుకే ఆగిపోయే లోడ్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

మారని వరుసలను కారణంతో సహా వేరే టేబుల్‌లోకి పంపి, అసలు టేబుల్‌లో చేరినవీ పక్కన పెట్టినవీ కలిపితే స్టేజింగ్‌లోని మొత్తానికి సమానం అవుతున్నాయో లేదో ప్రతిసారీ సరిచూడండి.

ఇక మీ ఎర్రర్ సందేశంలో విలువ పరిధి దాటిందని ఉంటే అది వేరే సమస్య. ఇంటిజర్ టైపు 2147483647 వరకే పడుతుంది, పది అంకెల ఫోన్ నంబర్లు చాలావరకు దానిని దాటిపోతాయి. బిగ్ ఇంట్ పెడితే ఎర్రర్ పోతుంది గానీ ముందున్న సున్నాలూ ప్లస్ గుర్తూ పోతాయి. ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు, పోస్టల్ కోడ్‌ల వంటి, కూడికలూ తీసివేతలూ అవసరం లేని కాలమ్‌లను మాత్రం అసలు టేబుల్‌లోనూ టెక్స్ట్‌గానే ఉంచండి.