జర్నలిస్టు పోస్టు పెడితే నాయకుడి ఆరోగ్య వార్త ఖాయమైనట్టేనా?

కాదు, ఆసుపత్రి బులెటిన్ గానీ, కుటుంబం లేదా ప్రభుత్వం ప్రకటన గానీ వచ్చేదాకా అది వదంతే. ఐసీయూలోకి విలేకరిని రానివ్వరు. అతని చెవిన పడేది గేటు దగ్గర పార్టీవాళ్ళు చెప్పుకునే మాటే. 2016 డిసెంబర్ 5 సాయంత్రం చెన్నైలో జయలలిత పోయారని కొన్ని తమిళ ఛానళ్ళు చెప్పేశాయి. పార్టీ ఆఫీసులో జెండా సగానికి దించేశారు కూడా! చికిత్స సాగుతోందని ఆమె ఉన్న అపోలో ఆసుపత్రి ఖండించాక మళ్ళీ పైకెత్తారు. రాత్రి 11:30కి మరణించారన్నది ఆ తర్వాత వచ్చిన ఆసుపత్రి ప్రకటన.

"నాలుగు ఛానళ్ళు చెప్పాయిగా" అనుకోవడమే పొరపాటు. నాలుగూ ఒకే పోస్టును ఎత్తిరాసి ఉండొచ్చు. నీలి టిక్కంటారా, ఎక్స్‌లో డబ్బు కడితే వస్తుంది. చెన్నై టీ నగర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో బులెటిన్ ఫొటో కనిపిస్తే తేదీ, సమయం, సంతకం చూసి, ఆసుపత్రి సొంత పేజీలో అదే ఉందో లేదో సరిచూడండి. పాతదాన్ని తేదీ కత్తిరించి తిప్పుతుంటారు.