ఆస్ట్రేలియాలో గొర్రెల బొచ్చు కత్తిరించే కార్మికులు 1983లో దువ్వెన వెడల్పు విషయంలో ఎందుకు సమ్మె చేశారు?

కత్తిరింపు యంత్రంలో కింద కదలకుండా ఉండే పళ్ల పలకే దువ్వెన. అవార్డు (కూలి, పని షరతులను నిర్ణయించే చట్టబద్ధ ఉత్తర్వు) నిబంధనల ప్రకారం అప్పట్లో దాని వెడల్పు 64 మిల్లీమీటర్లు దాటకూడదు. న్యూజిలాండ్ నుంచి వచ్చినవాళ్లు అంతకంటే వెడల్పైనవి వాడేవారు. ఒక్కో తోపుకు ఎక్కువ బొచ్చు తెగుతుంది కాబట్టి రోజుకు ఎక్కువ గొర్రెలు పూర్తవుతాయి.

కూలి వంద గొర్రెల లెక్కన ఇస్తారు. మరి ఆదాయం పెరగాలి కదా? యూనియన్ భయం వేరు: వేగం పెరిగాక యజమానులు వందకిచ్చే రేటు తగ్గించమంటారని, మణికట్టుపై భారం పెరుగుతుందని, రెండేసి గంటల నాలుగు విడతల పనిదినం, వారాంతపు సెలవు కూడా సడలిపోతాయని. నా దృష్టిలో అది న్యాయమైన భయమే. పారిశ్రామిక మధ్యవర్తిత్వ కమిషన్ వెడల్పు దువ్వెనలకు అనుమతిచ్చింది. సుమారు పది వారాల సమ్మె దాన్ని ఆపలేకపోయింది.