మడమ నొప్పికి మాత్ర మింగి వాకింగా?

ప్రశ్న: నా వయసు 54. రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తాను. నాలుగు నెలలుగా కుడి మడమ నొప్పి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోతుంది, కాస్త తిరిగాక తగ్గుతుంది. ఎక్స్‌రే తీసి ఎముక ముల్లులా పెరిగిందన్నారు. నొప్పి మాత్ర వేసుకుని వాకింగ్‌కు వెళ్తున్నాను. షుగర్, బీపీ ఉన్నాయి. ఆ ఎముక తీయించుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎముక సంగతి తర్వాత. ముందు ఆ మాత్ర ఏమిటో చెప్పండి. పేరు రాయలేదు, ఎవరు రాసిచ్చారో రాయలేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు, కడుపులో పుండ్లు పడవచ్చు. కొన్ని రకాల బీపీ మందులతో కలిస్తే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదైతే ఇవాళే ఆపి, మీ డాక్టరుకు చూపించండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఆయన చేయిస్తారు. ఇంకో మాట. మాత్ర వేసుకుని నడిస్తే నొప్పి తెలియదు, అరికాలికి జరిగే నష్టం మాత్రం ఆగదు. నాలుగు నెలలుగా మీరు చేస్తున్నది అదే.

లక్షణాలను బట్టి ఇది ప్లాంటార్ ఫేషియైటిస్ అనిపిస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పలేను. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలిలో ఉండే మందపాటి పొర మీద భారం ఎక్కువైతే వస్తుంది. నడక దూరం ఒక్కసారిగా పెంచడం, అరిగిన బూట్లు, బరువు, బిగుసుకుపోయిన పిక్కలు... వీటిలో మీకేది వర్తిస్తుందో మీకే తెలియాలి. ఎక్స్‌రేలో ఆ ముల్లు ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. దాన్ని తీయించుకునే అవసరం సాధారణంగా రాదు.

మంచం దిగకముందే కూర్చుని, కుడి కాలు ఎడమ మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలివేళ్లను మోకాలి వైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో నొక్కితే అరికాలిలో తీగలా బిగుసుకున్న పొర తగులుతుంది. అలా 10 సెకన్లు, 10 సార్లు, రోజుకు మూడు పూటలా. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీసే వ్యాయామం కూడా చేయండి. ఇంట్లోనూ వట్టి కాళ్లతో తిరగొద్దు, మెత్తని మడమ ఉన్న చెప్పులు వేసుకోండి. ఐస్ పెట్టమని అందరూ చెబుతారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చర్మం దెబ్బతిన్నా మీకు తెలియదు, కాబట్టి డాక్టరును అడగకుండా పెట్టొద్దు.

నడక తగ్గించండి, వ్యాయామం మానొద్దు. షుగర్ ఉంది కదా, కొన్నాళ్లు సైకిలో, ఈతో. ఇవన్నీ ఓపిగ్గా చేస్తే ఏడాదిలోపు ఎక్కువమందికి తగ్గిపోతుంది. రెండు వారాలు చేసి లాభం లేదని ఇంజెక్షన్ కోసం పరుగెత్తకండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో షుగర్ పెరుగుతుంది, అరుదుగా ఆ పొర తెగిపోనూ వచ్చు.

పాదంలో తిమ్మిరి, మంట, వాపు, పుండు, జ్వరం ఉన్నా, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతున్నా, మడమను రెండు పక్కల నుంచి నొక్కితే విపరీతంగా నొప్పెట్టినా ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. చివరి రెండిటికీ కారణం ఎముకలో సన్నని పగులు కావచ్చు. వీటిలో ఏది ఉన్నా పైన చెప్పిన వ్యాయామాలు చేయకూడదు.