బరంపురం నుంచి వాగెనింగెన్‌కు: తిరిగి వచ్చాక మిగిలిన బంధం

విదేశంలో ఎమ్మెస్సీ చేసి సొంత ఊరికి వచ్చేస్తే ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం నిజంగా నిలుస్తుందా, లేక పట్టా చేతికి రావడంతోనే తీరిపోతుందా అని పర్లాకిమిడి నుంచి మీరు అడిగారు. నేను 2006 నుంచి 2008 వరకు నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో నేలల శాస్త్రం చదివాను. ఆ తరువాత బరంపురం వచ్చి, గంజాం జిల్లా రైతులకు మట్టి పరీక్షలు చేసి సలహా చెప్పే పనిలో స్థిరపడ్డాను. నా అనుభవంలో ఆ సంబంధం నిలుస్తుంది. అయితే పూర్వ విద్యార్థుల జాబితాలో పేరున్నందువల్ల అది నిలవలేదు. నా పొలం గట్టు మీద పుట్టిన ప్రశ్నను సంకోచం లేకుండా అక్కడికి పంపగలిగిన రోజునుంచే నిలిచింది.

మొదటి ఐదేళ్లు నేను ఒక్క ఉత్తరమూ రాయలేదు. తోటివారు పరిశోధనల్లో చేరి వ్యాసాలు ప్రచురిస్తుంటే, నేను గుడ్డ సంచుల్లో మట్టి నింపి వాటి మీద రైతుల పేర్లు రాసుకుంటున్నాను. వారికి చెప్పదగిన సంగతి నా దగ్గర ఏముందనిపించేది. ఆ ఐదేళ్లు వృథా చేసుకున్నానని ఇప్పటికీ బాధపడతాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. బాహుదా నది మన ఒడిశాలో పుట్టి, ఆంధ్రలోకి వెళ్లి, మళ్లీ ఒడిశాలోకి వచ్చి సోనాపురం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారానికి దగ్గరలో మా పెదనాన్నగారి వరి పొలం ఉంది. అందులోకి ఉప్పునీరు చేరింది. ఆ నెల చివరి వారంలో కుండపోత వర్షాలు కురిసి గంజాం మళ్లీ మునిగింది. నీరు తీశాక పరీక్షిస్తే మట్టిలో ఉప్పు శాతం చాలావరకు తగ్గింది. వర్షమే కడిగేసిందని అందరం సంతోషించాం. కానీ నేల తడిసినప్పుడు బంకలా సాగేది, ఆరితే రాయిలా బిగుసుకునేది. నాకు కారణం అంతుపట్టలేదు. అప్పుడు, ఐదేళ్ల మౌనానికి క్షమాపణ చెప్పుకుంటూ, నాకు నేలల రసాయన శాస్త్రం చెప్పిన ఆచార్యులకు రాశాను.

మూడు రోజుల్లో జవాబు వచ్చింది. కుశల ప్రశ్న ఒక్క వాక్యంలో ముగించి, ఆయన నేరుగా పొలంలోకి దిగారు. ఏ లోతు మట్టి తీశావు, ఎండిన చిన్న గడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో కదపకుండా వేసి చూశావా అని అడిగారు. వంటింటి గట్టు మీద గ్లాసు పెట్టి, శనగగింజంత గడ్డను మెల్లగా జారవిడిచాను. పది నిమిషాల్లో గడ్డ చుట్టూ మేఘంలాంటి తెల్లటి మసక కమ్మింది. అరగంటకు నీరంతా మజ్జిగ తేటలా మారింది. ఉప్పు కొట్టుకుపోయినా అందులోని సోడియం బంకమట్టి రేణువులను పట్టుకుని మిగిలిపోయిందని, అందుకే రేణువులు విడిపోతున్నాయని ఆయన వివరించారు. 1953 ఫిబ్రవరి 1 నాటి ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది మరణించారు. అప్పుడు ఉప్పునీట మునిగిన పొలాలకు డచ్ వారు జిప్సం వేసి, అందులోని కాల్షియంతో సోడియాన్ని తొలగించి, మంచినీటితో కడిగారు. ఉప్పు తగ్గిందని తొందరపడి తడినేలను దున్నితే నేల మరింత పాడవుతుందని కూడా వారు ఆ పొలాల్లోనే నేర్చుకున్నారు. అరవయ్యేళ్ల కిందటి ఆ కష్టం మా పెదనాన్నగారి పొలానికి అక్కరకు వచ్చింది. జిప్సం వేసిన తరువాత రెండో ఏటికి ఆ మడిలో నారు నిలిచింది.

ఇది ఒకవైపు మాత్రమే సాగిన ఉపకారమైతే బంధమని అనేవాణ్ణి కాదు. గ్లాసు సంగతి చెప్పినప్పుడు పెదనాన్నగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "పాలచౌడు పోయి కారుచౌడు మిగిలిందన్నమాట" అన్నారు. పైన తెల్లగా ఉప్పు పేరుకునే నేల పాలచౌడు. సోడియం పట్టి నల్లగా బిగుసుకుపోయే నేల కారుచౌడు. ప్రయోగశాలలో రెండు వేర్వేరు కొలతలతో మేము తేల్చే భేదాన్ని మన రైతులు రెండు మాటల్లో ఎప్పటినుంచో చెబుతున్నారు. ఈ సంగతిని ఆచార్యులకు రాస్తే, ఆ రెండు మాటలనూ పలికే తీరుతో సహా పంపమన్నారు. మరుసటి ఏడాది తన తరగతిలో వాటిని బోర్డు మీద రాసి చెప్పానని తెలియజేశారు. వాగెనింగెన్‌లోని ప్రపంచ నేలల మ్యూజియంలో నేలను పైనుంచి లోపలి పొరల వరకు నిలువుగా కోసి తీసిన నమూనాలను వెయ్యికి పైగా భద్రపరిచారు. విద్యార్థిగా వాటి ముందు నిలబడి మన ప్రాంతపు మట్టిని వెతుక్కున్న నాకు, మన మాట ఆ తరగతి గదిలో వినిపించిందని తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి. ఆ తరువాత అక్కడి విద్యార్థులు ఇద్దరు, వేర్వేరు సంవత్సరాల్లో, థీసిస్ పని మీద ఇక్కడికి వచ్చారు. వారిని మొగలి తోటలున్న ఛత్రపురం వైపు ఇసుక నేలలకు తీసుకువెళ్లి, రైతులు తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పినవి వారికి విడమరచి చెప్పాను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆచార్యులు పదవీ విరమణ చేశాక ఒకసారి రాసిన ఉత్తరం చిరునామా లేదంటూ తిరిగి వచ్చింది. అంతవరకు బంధం మొత్తం ఒక్క మనిషి మీదే నిలబెట్టుకున్నానని అప్పుడు అర్థమైంది. నా తరగతిలో చదివి, ఇప్పుడు ఇథియోపియాలో పాఠం చెబుతున్న స్నేహితుడి ద్వారా ఆ విభాగంలోని కొత్త అధ్యాపకులతో మళ్లీ మాట కలిసింది. కాబట్టి మీరు అక్కడ ఉన్నప్పుడే గురువులతోపాటు సహాధ్యాయులను, ప్రయోగశాల సిబ్బందిని కూడా దగ్గర చేసుకోండి. నాకు ప్రయోగశాల సహాయకులు నేర్పినది ఆచార్యులు నేర్పినదానికి తక్కువేమీ కాదు.

బయలుదేరే ముందు విశ్వవిద్యాలయపు ఈమెయిలులో ఉన్నవన్నీ సొంత ఖాతాకు మార్చుకోండి. చదువు ముగిశాక కొంతకాలానికి ఆ ఖాతాను మూసేస్తారు. మార్కుల విధానాన్ని వివరించే పత్రం కూడా అడిగి తీసుకోండి. అక్కడ 10కి 6 వస్తే ఉత్తీర్ణత, 8 అంటే చాలా మంచి మార్కు. ఇక్కడ ఒక ఇంటర్వ్యూలో నా 7.5ను చూసి సాధారణ విద్యార్థినని అనుకున్నారు. ఆ పత్రం చేతిలో లేక అప్పుడు సరిగా చెప్పుకోలేకపోయాను. తిరిగి వచ్చిన మొదటి ఏడాదిలోనే, ఉద్యోగం వచ్చినా రాకపోయినా, మీ ఊరి నేల గురించో నీటి గురించో ఒక నిజమైన ప్రశ్నతో వారికి ఉత్తరం రాయండి.