కథ తక్కువ, ఉపన్యాసం ఎక్కువ

ప్ర: టెర్రీ గుడ్‌కైండ్ రాసిన ఫాంటసీ నవలల వరుస ‘స్వోర్డ్ ఆఫ్ ట్రూత్’లో ఏడు పుస్తకాలు గబగబా చదివేశాను. ఎనిమిదోది, ‘నేకెడ్ ఎంపైర్’ (2003), ఎంతకీ కదలడం లేదు. వదిలేసి తొమ్మిదోది పట్టుకోవచ్చా?

జ: మొత్తంగా వదలకండి, ఏరుకుని చదవండి. మీకు విసుగెందుకంటే: బందకార్ అనే దేశపు ఓవెన్, హీరో రిచర్డ్‌కి విషం పెడతాడు, తనవాళ్ళని కాపాడితేనే విరుగుడు. ఇక కథ పరుగెత్తాలి కదా! హీరోగారు మాత్రం ఆగి, హింసే వద్దనే బందకార్ జనానికి పేజీలకు పేజీలు క్లాసు పీకుతాడు. వాళ్ళ నోట గట్టి ఎదురుమాట ఒక్కటీ పెట్టలేదు రచయిత.

ఆరోదైన ‘ఫెయిత్ ఆఫ్ ద ఫాలెన్’ (2000)లోనూ ఎవరి బతుకు కోసం వాళ్ళే నిలబడాలన్న ఇదే సిద్ధాంతం. అక్కడ రిచర్డ్ పాలరాతి శిల్పం చెక్కుతాడు, దాన్ని చూసి జనం కదులుతారు. చెప్పాల్సింది ఉలి చెప్పింది. (ఉపన్యాసాలు అక్కడా లేకపోలేదు లెండి.)

రిచర్డ్ నీతి మొదలెట్టగానే ఎవరైనా లేచి నడిచే చోటికి దూకండి. బందకార్ జనం మీద మాయ పనిచెయ్యదన్న సంగతి, వాళ్ళతో రిచర్డ్ సవతి చెల్లెలు జెన్సెన్‌కి కుదిరే సంబంధం మాత్రం దాటేయకండి. 2005లో వచ్చిన ‘చెయిన్‌ఫైర్’తో మొదలయ్యే మూడు పుస్తకాల్లో అవి కావాలి.