డోరతీ గురించి మీవారు చదివారా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్. పాప ఇంటర్, బాబు ఏడో తరగతి. ఏడాదిగా ఆయన మిషనరీల జీవిత చరిత్రలు, ముఖ్యంగా విలియం కేరీది, తెగ చదువుతున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ దైవసేవకు వెళ్తానంటున్నారు. ఇంటి లోను ఇంకా తీరలేదు. ఆ మాటంటే, ‘కేరీ ఇలా లెక్కలు వేసుకుంటే ఇండియాకి వచ్చేవాడా? నీకు విశ్వాసం తక్కువ’ అంటున్నారు. మా చర్చి సంఘంలో కూడా నన్నే అడ్డంకి అనుకుంటున్నారేమోనని టెన్షన్. నిజంగా తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. నెలనెలా ఇల్లు గడవడం చూసే మనిషికి లోను వాయిదా గుర్తురావడం అవిశ్వాసం కాదు. మీవారి కోరికనూ నేను కొట్టిపారేయను. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషికి ఇంత ఉత్సాహం కలగడం మంచిదే. అయితే కేరీని సాక్ష్యానికి పిలిచింది ఆయనే కాబట్టి, కేరీ ఇంట్లో ఏం జరిగిందో కూడా చదవాలి.

కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుంటూ చదువుకున్నవాడు. 1781లో డోరతీని పెళ్లాడేటప్పటికి ఆమెకు సంతకం పెట్టడం కూడా రాదు. 1793లో ఆయన ఇండియా ప్రయాణం కట్టినప్పుడు ఆమె నిండు గర్భిణి. రానని చెప్పేసింది. ఓడ ఆలస్యం కావడంతో ఆయన మళ్లీ ఇంటికొచ్చారు. అప్పటికి చంటిబిడ్డ పుట్టి కొద్ది వారాలే. చెల్లెలు తోడొస్తే వస్తానని చివరికి ఒప్పుకుంది. ఒప్పించారు అనడమే సబబు. మరుసటి ఏడాది బెంగాల్లో ఐదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత డోరతీ మతి చెదిరింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, అరుపులు. కొన్నాళ్లు గదిలో పెట్టి ఉంచాల్సి వచ్చింది. 1807లో చనిపోయేదాకా ఆమె కోలుకోలేదు. పక్క గదిలో బైబిల్ అనువాదం సాగుతూనే ఉంది.

కేరీని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆమెను చివరిదాకా ఇంట్లోనే ఉంచుకున్నాడు. కానీ మన ప్రసంగాల్లో కేరీ ఉంటాడు, డోరతీ ఉండదు. భార్య ‘వద్దు’ అన్నప్పుడు ఆ మాటలో ఏముందో వినకపోతే ఏమవుతుందో చెప్పేది మాత్రం ఆమె కథే.

ఇంకో సంగతి మీవారికి చెప్పండి, అకౌంటెంట్ కదా, నచ్చుతుంది. కేరీ జీతం లేకుండా బతకలేదు. 1794 నుంచి కొన్నేళ్లు నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరు. 1801 నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆ జీతంలో ఎక్కువ భాగం సేవకే పోయేది. మన తెలుగుకు ఆయన రాసిన వ్యాకరణం 1814లో అచ్చయిందంటే, అదీ ఆ ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే. అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టిన సంగతి మీవారికి నేను చెప్పాలా!

కాబట్టి ‘వద్దు’ అని ఒక్క మాటతో తలుపు వేయకండి. ‘ఎలా’ అని అడగండి. లోను ఎంత మిగిలింది, పాప ఇంజనీరింగ్‌కో డిగ్రీకో ఎంత కావాలి, జీతం ఆగితే మొదటి ఏడాది ఇల్లు దేనితో నడుస్తుంది? ఇవన్నీ ఆయన చేత్తోనే కాగితం మీద రాయించండి. కానుకలతో నడుస్తుందంటే, ఎవరిస్తామన్నారో పేర్లు కూడా రాయమనండి. ఈలోగా ఉద్యోగంలో ఉంటూనే సాయంత్రాలు, ఆదివారాలు సంఘం పనికి ఇవ్వమనండి. ఆ పనిలో మీకు నచ్చినది ఏదైనా ఉంటే మీరూ వెళ్లండి, లేకపోతే బలవంతాన వెళ్లక్కర్లేదు. మీ బంగారం జోలికి మాత్రం ఇప్పుడే రానివ్వకండి.

పాస్టర్ గారితో మాట్లాడాలనుకుంటే ఇద్దరూ కలిసే వెళ్లండి. మీరొక్కరే వెళ్తే ఫిర్యాదులా ఉంటుంది, ఆయనొక్కరే వెళ్తే మీ మాట అక్కడికి చేరదు. పాస్టరమ్మ గారిని కూడా కూర్చోమనండి. సేవలో ఉన్న ఇల్లు నెలాఖరుకు ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.