నోటు వెనక్కి తిప్పి చూశావా?

తల్లీ,

నువ్విచ్చిన అప్పు తీర్చనందుకు ఒకతని మీద దావా వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. మనింట్లో ఇచ్చి పోగొట్టుకున్నవాళ్లే గానీ గట్టిగా అడిగినవాళ్లు లేరు. నువ్వు అడుగుతున్నావని సంతోషం, వెంటనే భయం.

ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి, ప్రోనోటు తీసి తేదీ చూడు.

నేనూ ఒకప్పుడు స్నేహితుడికి నోటు మీద డబ్బిచ్చాను. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు. అలాంటిదాని మీద రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు దావా వెయ్యాలి. ఆ సంగతి నాకు తెలుసు. రెండో ఏడు అతను ఇంటికొచ్చి కొంత చేతిలో పెట్టాడు. అప్పుడే నోటు వెనక ఇంత ఇచ్చానని అతని చేత చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలయ్యేవి. నోటు అలమారలోనే ఉంది. లేచి తేవడానికి మొహమాటం. నమ్మలేదనుకుంటాడేమోనని. మీ పెద్దమ్మ గుమ్మంలో నిలబడి సైగ చేసింది కూడా. చూడనట్టు కబుర్లలో పడ్డాను.

తర్వాత అతను ఇదిగో అదిగో అన్నాడు. నేను వకీలు దగ్గరికి వెళ్లేసరికి 3 ఏళ్లు దాటి 2 నెలలు. ఆయన నోటు తిప్పి చూసి, "చెల్లు ఏదండీ?" అన్నారు. అప్పీలు ఆలస్యమైతే కారణం చెప్పుకుని మన్నించమని అడగొచ్చట. దావాకి ఆ దారి లేదు. అవతలివాళ్లు గడువు మాట ఎత్తకపోయినా జడ్జిగారే కొట్టెయ్యాలని 1963 లిమిటేషన్ చట్టం చెబుతోంది. అప్పు నిజం, సంతకం నిజం. అయినా కోర్టు గుమ్మం ఎక్కలేకపోయాను. ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. మీ పెద్దమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆ డబ్బులో సగం ఆవిడది.

అందుకే నీ మీద కోప్పడుతున్నాను. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావు? పోనీలే, నీకు చెప్పాల్సినవాణ్ణి నేనే చెప్పలేదు.

నీ బాకీదారు ఇచ్చిన చెక్కు కూడా ఉందటగా. దాని లెక్క వేరు. చెక్కు మీది తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చెయ్యాలి. అది క్రిమినల్ కేసు. అది నడుస్తోంది కదా అని సివిల్ దావా గడువు ఆగదు. ఈ రెండూ కలిపి చూసుకుని మోసపోయినవాళ్లున్నారు.

ముందుగా పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తకు. ఉత్త బాకీ అయితే సివిల్ తగాదా అని పంపేస్తారు, ఈలోగా రోజులు పోతాయి.

వకీలు ఫీజు గురించి టెన్షన్ పడకు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఎవరిని పెట్టుకున్నా అంతా చెప్పు, అతను తిరిగిచ్చినదీ, నువ్వు కోపంలో పంపిన మెసేజీలూ అన్నీ. దాచింది అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే నీ నిజాన్ని కూడా నమ్మరు. వకీలుకి ఒరిజినల్ నోటు ఇచ్చేటప్పుడు జిరాక్స్ తీసుకో, రసీదు అడుగు. మొహమాటపడకు. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు.

కోర్టులో దావాకి నంబరు పడ్డాక, కేసుని గుర్తించే సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 16. ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు నువ్వే చూసుకో. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, కానీ దాని మీద అప్పీలు లేదు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాకే సంతకం పెట్టు.

మొదటి వాయిదాకి నేనొస్తాను. వద్దన్నా వస్తాను. నోటు మీద తేదీ చూడగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పెదనాన్న